అడ్రసు గడిలోంచి పంపిన ఫారం

ఉద్యోగంలో చేరి ఏడాది కాలేదు, అప్పుడే నాకు కొమ్ములొచ్చాయి. గుర్గావ్‌లో మా ఆఫీసు పనల్లా వెబ్ ఫారాలు చెయ్యడం. అందులో నా వంతు కాపలా. జనం సబ్మిట్ నొక్కగానే, ఫారం సర్వరుకి వెళ్లకముందే, వాళ్ల బ్రౌజర్లోనే తప్పులు పట్టుకుని ఆపే స్క్రిప్టులు రాసేదాన్ని. ఫోన్ నంబరులో ఒక అంకె తగ్గిందా, టక్కున ఓ పెట్టె వచ్చి కసురుతుంది. ఆ కసురు నాదే. ఎక్కడో కూర్చుని దేశంలో అందర్నీ కసిరే ఉద్యోగం, పైగా జీతం కూడాను.

ఢిల్లీ శివారు వైశాలిలో నాతో గది పంచుకున్న అక్కది కరీంనగర్. కాల్ సెంటర్ ఉద్యోగం మానేసి ఎమ్మే ఎంట్రన్సుకి చదివింది. ఇంట్లో ఒక్క ఏడాది గడువడిగింది. సీటు రాకపోతే తిరిగొచ్చి ఊళ్లో బడిలో చేరిపోతానని మాటిచ్చింది. ఆ ఏడు దరఖాస్తు ఆన్‌లైన్లోనే పెట్టాలన్నారు. ఆఖరి రోజు శనివారం, సాయంత్రం అయిదింటి దాకా. మార్కెట్లో సైబర్ కేఫ్‌కి మేం చేరేసరికి నాలుగున్నర. ఆలస్యం నా వల్లే. ఫారాలంటే నాకు వెన్నతో పెట్టిన విద్య, పావుగంట పని అని కోతలు కోశాను.

అక్క చెబుతుంటే గబగబా కొట్టి సబ్మిట్ నొక్కాను. పెట్టె వచ్చింది. ఇంటిపేరు కనీసం మూడు అక్షరాలుండాలట.

అక్క సర్టిఫికెట్లన్నిటిలో ఇంటిపేరు ఒకే అక్షరం, పక్కన చుక్క. మనవాళ్లలో సగం మందికి అంతే కదా. పూర్తిగా రాస్తే సర్టిఫికెట్‌తో కలవదు, పరీక్ష హాలు గుమ్మంలోనే ఆపేస్తారు.

"మా నాయిన పెట్టిన పేరు వీళ్లకు సరిపోతలేదా?" అంది అక్క.

నాకు ఒళ్లు మండిపోయింది. ఈ రూలు రాసిన వెధవ ఎవడోగానీ, మనుషుల పేర్లు తెలీనివాడికి ఉద్యోగం ఎలా ఇచ్చారని శాపనార్థాలు మొదలెట్టాను. మధ్యలో నాలిక కరుచుకున్నాను. రెండు వారాల కిందట ఆఫీసులో అచ్చం ఇదే రూలు నేనూ రాశాను. నా ఇంటిపేరూ ఒక్క అక్షరమే. నేను రాసిన ఫారంలో నేనే పట్టను.

ఆ సంగతి అక్కకి చెప్పేశాను.

"సిగ్గు లేదా నీకు? ముందుగాల దీన్ని పంపు" అంది.

అయిదుకి ఏడు నిమిషాలుంది. కాపలా కాసేదాన్ని గనక దొంగదారీ తెలుసు. ఆ రోజుల్లో బ్రౌజరు పైన అడ్రసు గడిలో సైటు పేరు చెరిపేసి, ఏమీ అడక్కుండా ఫారం పంపెయ్ అని ఒక లైను స్క్రిప్టు కొడితే, అది కిక్కురుమనకుండా పంపేసేది. కొట్టాను. బ్రాకెట్ మర్చిపోయాను. మళ్లీ కొట్టాను. అక్క నా భుజం గిల్లేస్తోంది.

తెల్ల పేజీ వచ్చింది. కాసేపటికి దరఖాస్తు నంబరు వచ్చింది.

నేను కుర్చీ ఎక్కేశాను, నిజంగానే. అక్క కింద నిలబడి చప్పట్లు. కేఫ్ యజమాని "దీదీ, కుర్సీ" అని మొత్తుకుంటున్నాడు. ఠీక్ హై భయ్యా అని దిగి, నేల మీద ఇంకో రెండు గంతులేశాను. అంత ఆనందం నాకు మొదటి జీతమప్పుడు కూడా లేదు.

అక్క ప్రింటు తీసుకుని చదువుతోంది. పేరు సరిగ్గా ఉంది. పరీక్షా కేంద్రం దగ్గర ఆగిపోయింది. అగర్తలా, ఎక్కడో త్రిపురలో.

ఊరు ఎంచుకోకపోతే ఆపే రూలు కూడా ఆ స్క్రిప్టులోదే. కంగారులో నేను ఢిల్లీ ఎంచుకోలేదు, స్క్రిప్టునేమో దాటేశాను. అడిగే దిక్కులేక సర్వరు జాబితాలో మొదటి ఊరు ఇచ్చేసింది. మార్చబోతే గడువు ముగిసిందంది.

"రెండోది ఆగ్రా అక్కా, ఒక్క ఊరు కింద" అన్నాను. ఎందుకన్నానో నాకే తెలీదు.

అక్క పొట్ట పట్టుకుని, కళ్లనీళ్లు కారేలా నవ్వింది. నవ్వు ఆగాక ప్రింటు మడిచి నా చేతిలో పెట్టింది.

"లీవు పెట్టు. నాతోని నువ్వు గూడ వస్తున్నవ్."

వెళ్లాను. అగర్తలాలో ఆ పరీక్ష రాసింది అక్క ఒక్కతే. బయట మెట్ల మీద కూర్చుని గుర్తొచ్చిన దేవుళ్లందరికీ మొక్కింది నేనొక్కదాన్నే. సీటొచ్చింది.