తగ్గిన జాన

రెండో ప్రపంచ యుద్ధం మొదలైన ఏడాది చలికాలంలో, హైదరాబాదు ఆబిడ్స్‌లోని ఒక దర్జీ దుకాణంలో నేను తిరిగి పనికి చేరాను. అంతకు ముందు ఎనిమిది నెలలు కొంత దవాఖానలో, కొంత నాంపల్లిలోని మా కిరాయి గదిలో గడిచాయి. దుకాణంలో నా పని నాపు తీయడం, అంటే కొలతలు తేవడం. కత్తిరించే గఫార్ మాస్టరు తరువాత స్థానం నాదే. కాజాలు కుట్టేవాళ్ళు, చేతికుట్టు వాళ్ళు నా కింద లెక్క.

పరదా పాటించే దేవిడీలలోకి, అంటే నవాబుల బంగళాల్లోకి, మగ దర్జీ పోకూడదు. అందుకని ఆడవాళ్ళుండే జనానాలోకి నన్ను పంపేవారు. టేపు పట్టుకుపోయేదాన్ని కాదు. ఇంటి ఆడపిల్లల కొలతలు అంకెల్లో కాగితం మీద పడితే పదిమంది మగవాళ్ళు చదువుతారని ఆ ఇళ్ళలో అభ్యంతరం. ఒంటి కొలతకు నూలు దారం తీసుకుని ముడులు వేసేదాన్ని. గుడ్డ కొలతకు నా కుడిచేతి జానే ఆధారం. బొటనవేలి కొన నుంచి చిటికెన వేలి కొన దాకా ఎంత ఉందో మాస్టరు కత్తిరింపు బల్ల అంచున రెండు గాట్లు కోసి పెట్టుకున్నాడు. ఏ ఉడుపుకు ఎన్ని జానలు కావాలో ఆ గాట్లను బట్టి చెప్పేవాడు. నేను బేగం ఎదుట గుడ్డ తాను పరిచి, అన్ని జానలు కొలిచి, కత్తిరించి తెచ్చేదాన్ని. మూడో తరగతిలో బడి మానినదానికి ఈ పద్ధతి సరిపోయింది. తొమ్మిదేళ్ళలో ఒక్క గుడ్డ కూడా తక్కువ పడలేదు.

నా కుడి మణికట్టు ఎముకల్లో క్షయ పట్టింది. చివరికి చెంబెడు నీళ్ళు ఎత్తలేకపోయాను. కీలు ఉన్నంతకాలం నొప్పి ఉంటుందని డాక్టరు చెప్పాడు. చెడిన కీలు తీసేసి, మోకాలి కింది ఎముక నుంచి ఒక చీలిక కోసి అక్కడ పెట్టి, చేతి ఎముకనూ ముంజేతి ఎముకనూ ఒకటిగా అతుకుతామన్నాడు. మణికట్టు ఇక ఎన్నటికీ వంగదు, వేళ్ళు మాత్రం పనిచేస్తాయి. నేను సరేనన్నాను. మోచేతి పైనుంచి వేళ్ళ మొదళ్ళ దాకా పిండికట్టు వేశారు. అది విప్పిన రోజు లోపలి చెయ్యి నాది కాదనిపించింది, అంత సన్నబడి పొట్టు లేచి ఉంది. రోజూ వేళ్ళు సాగదీస్తూ ఉండమన్నారు. సాగదీస్తే ప్రాణం పోయేది. నేను సరిగా చేయలేదు.

పనికి వచ్చిన రోజు మాస్టరు నా చెయ్యి అటూఇటూ తిప్పి చూశాడు.

"ఏంది నర్సమ్మా, చెయ్యి కట్టె లెక్క అయింది గదా. వంగుతదా?"

"వంగదు. నొప్పి లేదు."

"దారం ముడి ఎయ్యి, సూస్త."

వేశాను. కత్తెర పట్టమన్నాడు, పట్టాను. కాజాలు కుట్టే బాలమణి సూది ఆపి నవ్వింది.

"దండం ఎట్ల పెడ్తవక్కా? ఒక్క చెయ్యి పోలీసోళ్ళ సలాం లెక్క ఉంటదేమో."

"నీకైతె పెట్టేది లేదు గద. నీకెందుకు ఫికర్," అన్నాను.

అందరూ నవ్వారు. మాస్టరు కూడా నవ్వి, రేపటి నుంచి దేవిడీలకు పొమ్మన్నాడు. ముడి చూశారు, కత్తెర చూశారు. నా జాన చూడాలని ఆయనకూ తోచలేదు, నాకూ తోచలేదు.

ఆ వారంలో రెండు ఇళ్ళకు వెళ్ళాను. రెండోది హిమాయత్‌నగర్‌లో. మొదటిది నాంపల్లిలోని ఒక దేవిడీ. పెద్దమ్మాయి పెళ్ళి ఉడుపుకు జరీ గుడ్డ. ఇరవై జానలు కొలిచి కత్తిరించాను. తానులో మిగిలినదాన్ని పెళ్ళి గుడ్డ కోసిన గడియలోనే ఇంట్లో పనిచేసే ఆడవాళ్ళకు పంచడం అక్కడి ఆనవాయితీ. నా కళ్ళ ముందే దాన్ని రవికెలకని ముక్కలు చేసి పంచారు.

నాలుగో రోజు మాస్టరు ఆ జరీ గుడ్డను బల్ల మీద పరిచాడు. పది వేళ్ళ వెడల్పు గుడ్డ తక్కువ. రెండుసార్లు పరిచి చూశాడు. దేవిడీకి కబురు పోయింది, వాళ్ళ లెక్కలు రాసే మున్షీ దిగాడు. కత్తిరించింది బేగం ఎదుట, తక్కువైంది దుకాణంలో, కాబట్టి మధ్యలో ఎవరో తీశారని ఆయన వాదన. మధ్యలో ఉన్నది నేనే. పైగా నేను పేలికలు దాచేదాన్నని దుకాణమంతా ఎరుగుదురు. కోతలో రాలిన ప్రతి ముక్కనూ మాస్టరును అడిగి తీసుకుని బొంతలు కుట్టేదాన్ని.

మున్షీ, మాస్టరు మా గదికి వచ్చారు. వాకిట్లో ఇరుగుపొరుగు చేరారు.

"గీ మూటంత ఏంది?" అన్నాడు మున్షీ.

"పేలికలు. మాస్టరుకు ఎరుకే."

మూట విప్పి నేల మీద గుమ్మరించి కాలితో కదిపాడు. జరీ పోగు కూడా కనబడలేదు.

"దొరకలేదంటె తియ్యలేదని కాదు," అని వెళ్ళిపోయాడు.

మాస్టరు ఆయన వెంట పోకుండా ఆగాడు. "నువ్వు తియ్యవని నాకెరుక. కొన్ని దినాలు దేవిడీలకు పోకు. లొల్లి సల్లబడ్డంక సూద్దాం," అన్నాడు.

మరునాడు మాస్టరు నమాజుకు వెళ్ళినప్పుడు బల్ల దగ్గరికి వెళ్ళాను. బొటనవేలు ఒక గాటులో పెట్టి చెయ్యి చాచాను. చిటికెన వేలు రెండో గాటుకు అందలేదు. అర వేలు ఎడం ఉంది. ఎడమచేత్తో అదిమాను. కళ్ళు బైర్లు కమ్మాయి గాని వేలు జరగలేదు. జానకు అర వేలు, ఇరవై జానలకు పది వేళ్ళు. నెలల తరబడి కట్టులో ఉండి వేళ్ళు బిగిసి జాన తగ్గిపోయింది. తొమ్మిదేళ్ళుగా తప్పని చేతిని నేను అనుమానించలేదు.

ఊరుకుంటే నా మీద దొంగతనం రుజువు కాదు. నాలుగు రోజులు పోయాక మాస్టరు మళ్ళీ పంపుతాడు. చెబితే ఇక పంపడు. అయితే హిమాయత్‌నగర్ ఇంటి గుడ్డ కూడా నేను కొలిచిందే. అదీ పెళ్ళి గుడ్డే, ఆ సాయంత్రం కత్తెర పడాలి. ఆ ఇంట్లో మిగిలిన తాను ఇంకా పంచలేదు, ఇప్పుడే చెబితే తక్కువైనంత తెప్పించవచ్చు.

మాస్టరు రాగానే చెయ్యి గాట్ల మీద పెట్టి చూపించాను. ఆయన వంగి చూసి, టోపీ తీసి పక్కన పెట్టాడు.

"కొత్త గాట్లు కొయ్యి మాస్టరూ," అన్నాను.

"ఇయ్యాల కోస్త. రేపు నీ వేళ్ళు జర సాగుతయి, మల్ల లెక్క తప్పుతది. టేపంటె గా ఇండ్లల్ల ఒప్పుకోరు, పెండ్లి గుడ్డకు ఎడమచెయ్యి తగలనియ్యరు. ఇగ నిన్నెట్ల పంపాలె, నువ్వే చెప్పు."

నేను గాట్ల మీది నుంచి చెయ్యి తీసి, హిమాయత్‌నగర్ గుడ్డకు కత్తెర పెట్టవద్దని చెప్పాను.

హిమాయత్‌నగర్ నుంచి చాలినంత గుడ్డ వచ్చింది. నాంపల్లి అమ్మాయి ఉడుపు చంక కింద అతుకుతో కుట్టాల్సి వచ్చింది. మాస్టరు వెళ్ళి జరిగింది చెప్పినా దేవిడీ నమ్మలేదు. దొంగ, చెయ్యి చూపించి తప్పించుకుందని అక్కడ అనుకున్నారు. ఆ మాట మిగతా దేవిడీలకూ పాకింది. నా స్థానంలో బాలమణిని పంపారు. నన్ను చేతికుట్టు దగ్గర కూర్చోబెట్టారు. మణికట్టు తిరగనిదే సూది తిరగదు. ఎడమచేత్తో కుట్టాను. వంకర పోయిందని విప్పేవారు, మళ్ళీ కుట్టేదాన్ని. నిన్నటి దాకా నా కింద ఉన్నవాళ్ళు నా కుట్టు విప్పేవారు.

రెండేళ్ళకు వేళ్ళు పూర్తిగా సాగాయి. అప్పటికి బల్ల అంచును చిత్రిక పట్టించి బాలమణి జానకు గాట్లు కోశారు. ఇంకో ఆరేళ్ళు ఆ దుకాణంలోనే ఉన్నాను. జనానా గడప మళ్ళీ తొక్కలేదు.

చేతిపని మీద బతికేవారికి చెప్పేది ఒకటుంది. చేతికి ఆపరేషను అయ్యాక పనికి చేరేముందు కత్తెరను చూసుకున్నట్టే చేతినీ కొలిపించుకోవాలి. నొప్పి పోయిందంటే చెయ్యి వచ్చినట్టేనని నేను లెక్క వేసుకున్నాను. ఆ లెక్క తప్పు.