ఆవిరి కాని పెట్రోలు

ముందే ఒప్పుకుంటున్నాను, నా చిన్నప్పటి ముచ్చట ఏది చెప్పినా గోరంతను కొండంత చేయకుండా ఉండలేను. మా ఆవిడ పావు వంతు నమ్ముతుంది. మీరు సగం నమ్మితే చాలు.

అవి తెలంగాణ ఉద్యమం రోజులు. హయత్‌నగర్‌లో మాకు వారానికి ఎనిమిది రోజులు బంద్. మా నాన్న నల్గొండ మనిషి. సాయంత్రం ఉద్యమ శిబిరంలో ఆయన నినాదమిస్తే ముప్పై కిలోమీటర్ల అవతల చౌటుప్పల్‌లో గేదెలు తాళ్ళు తెంపుకునేవి. పక్కవాటాలో గుంటూరు నుంచి వచ్చిన కుటుంబం ఉండేది. వాళ్ళమ్మాయి, అంటే మా పక్కింటి అక్క, ఏడాదిగా చదువుతున్న ఉద్యోగపరీక్ష సరిగ్గా బంద్ నాడే పడింది. వాయిదా లేదు, బస్సులూ లేవు.

"నా బండి ఉండంగ నీకెందుకు పరేషాన్ బిడ్డా? దిల్‌సుఖ్‌నగర్ల నేను దింపుతా" అన్నాడు నాన్న.

ఆ బండి పాత స్కూటరు. మెకానిక్ షాపులు మూతపడ్డాయి కనుక ముందురోజు నాన్నే విప్పి శుభ్రం చేశాడు. విప్పిన సామాను వాకిలి చాలక వీధి చివరి దాకా పరిచాడు. బంకులు కూడా మూస్తారని ట్యాంకు నిండా పెట్రోలు పోయించి, చుక్క కూడా ఆవిరి కాకూడదని పాత సైకిలు ట్యూబును గుండ్రంగా కత్తిరించి ట్యాంకు మూత లోపల బిగించాడు.

పొద్దున ముగ్గురం బయలుదేరాం. పిల్లగాడుంటే దారిలో ఎవరూ ఆపరని నన్ను ముందు నిలబెట్టాడు. రెండు కిలోమీటర్లు పోగానే బండి దగ్గి ఆగింది. నాన్న సీటెత్తి, మూత తీసి పెట్రోలు చూసి, మూత పెట్టి, ప్లగ్గు విప్పి తుడిచి కిక్కు కొట్టాడు. స్టార్టయింది. "చూసినవా, ప్లగ్గే!" అన్నాడు. ఇంకో రెండు కిలోమీటర్లకు మళ్ళీ ఆగింది. మళ్ళీ మూత తీసి చూడటం, ఈసారి కార్బురేటరు తుడవడం, కిక్కు. ఎల్బీనగర్ చౌరస్తాలో మూడోసారి ఆగేసరికి అక్క గడియారం చూసుకోవడం మానేసింది.

అక్కడ రాస్తారోకోలో కూర్చున్నవాళ్ళు నాన్నను గుర్తుపట్టారు. "ఏందే అన్నా, నీ బండి గూడ బంద్‌ల కూసున్నదా?" అన్నారొకరు. నాలుగు వేల మంది నవ్వారు. నాన్న చెవులు ఎర్రబడ్డాయి. "ఇంజన్ నా చేతులతోని సాఫ్ చేసిన. పెట్రోలే కల్తీది" అని వాళ్ళకు వివరించడం మొదలుపెట్టాడు.

ఆయన అటు తిరగగానే అక్క సీటెత్తి మూత తిప్పింది. ట్యాంకు ఉస్సుమని గాలి పీల్చుకుంది. మూతకుండే సన్నటి బొక్కను నాన్న రబ్బరు మూసేసింది. నూనె డబ్బాకు రెండో బొక్క కొట్టకపోతే నూనె సరిగా రాదు కదా, అట్లాగే గాలి లోపలికి పోక పెట్రోలు కిందికి దిగడం లేదు. మూత తీసినప్పుడల్లా బండి బతికింది అందుకేనని ఆమె నాకు తర్వాతెప్పుడో చెప్పింది. అప్పుడు మాత్రం ఆ రబ్బరు పీకి నా నిక్కరు జేబులో కుక్కి, "నాన్నకి చెప్పకురా, ఇంతమందిలో చిన్నబుచ్చుకుంటారు" అంది. తర్వాత గట్టిగా, "బాబాయ్ గారూ, మీరొక్క కిక్కు కొట్టండి, అయిపోద్ది!"

నాన్న కొట్టాడు. "చెల్లెకు పరీక్ష ఉన్నదట, తొవ్వ ఇయ్యుండ్రి" అని జనం జరిగారు. బండి మళ్ళీ ఆగలేదు.

దిల్‌సుఖ్‌నగర్ దగ్గర పోలీసులు బండిని ముందుకు పోనివ్వలేదు. అక్క దిగి సందులోకి పరుగెత్తింది, ఆమె సంచి పట్టుకుని వెనకాలే నేను. మూసుకుంటున్న పరీక్ష కేంద్రం గేటు సందులోంచి అక్క దూరిపోయింది.

ఇందులో కల్పించింది ఏదో కూడా చెప్పాలి. గేదెలు, నాలుగు వేల మంది, వీధంతా సామాను ఉట్టి గొప్పలు. అసలు కల్పన ఆ గేటు. మేం చేరేసరికి అది మూసి పది నిమిషాలైంది. అక్క చువ్వలు పట్టుకుని కాసేపు నిలబడింది. కళ్ళు తుడుచుకుని, "లోపలికెళ్ళానని నాన్నకి చెప్పు" అంది. చెప్పాను. పరీక్ష అయ్యేంతసేపూ ఎదురింటి మెట్ల మీదే కూర్చుందట. సాయంత్రం నాన్న "ఎట్ల రాసినవ్ బిడ్డా?" అంటే, "బాగా రాశానండి బాబాయ్" అంది. ఇంకో ఏడాది చదివి ఉద్యోగం తెచ్చుకుంది.

ఏదైనా పాడైతే ముందు నా చెయ్యి ఎక్కడ పడిందో చూసుకోవడం, వేరేవాళ్ళ చెయ్యి కనబడితే గొంతు తగ్గించడం నాకు అప్పటి నుంచే అలవాటు. నాన్న ఇప్పటికీ నా రాతలన్నీ చదువుతాడు, ఒక్క ముక్క నమ్మడు. "వీనియన్నీ కోతలే" అంటాడు. ఆనాడు అక్కను పరీక్షకు అందించానన్న ఆయన నమ్మకం అట్లాగే ఉండాలనే ఇన్నేళ్ళుగా ఇంత శ్రమపడి కోస్తున్నాను.