తర్వాత పుట్టిన పిన్ని

చొక్కాలు కుట్టే ఆ దుకాణంలో ఆమెను అందరూ కాజాలక్క అనేవారు. గుండీలు దూరే కాజాలు చేత్తో కుట్టడం ఆమె పని. పక్కనే కూర్చుని గుండీలు కుట్టే ఆవిడ ఆమెకు స్వయానా పిన్ని. చిక్కంతా అక్కడే ఉంది. పిన్ని ఈమెకన్నా ఐదేళ్లు చిన్నది.

అమ్మమ్మ ఆఖరి కాన్పు ఆలస్యమైంది. అప్పటికే అమ్మ మొదటి కాన్పు అయిపోయింది. దాంతో కాజాలక్క తాను చంకనేసుకుని తిప్పిన పిల్లను పిన్నీ అని పిలవాల్సొచ్చింది. స్నానానికి పిన్నే ముందు, వడ్డనకూ పిన్నే ముందు. "పెద్దదాన్ని, మాట వినవే!" అని పాలపళ్లు ఊడకముందే దబాయించేది. జుట్టు నెరిశాక కూడా, "మా అక్క కూతురండీ, చిన్నపిల్ల" అనే పరిచయం చేసేది.

ఒక్క పనిలోనే కాజాలక్కకు ఊరట. కాజా కుట్టాకే, అందులోంచి గుర్తు పెట్టుకుని గుండీ కుట్టాలి.

"ఇక్కడ మాత్రం నా వెనకాలే రావాలి పిన్నీ," అని చొక్కా విసిరేది.

"విసిరింది చాల్లే, ముందు దారం కొస కత్తిరించు."

ఈమధ్య కాజాలక్క కళ్లు మసకేశాయి. నల్లబట్ట మీద నల్లదారం కంటికి ఆనక, కుట్టింది విప్పి మళ్లీ కుడుతోంది. ఇలాగైతే పని ఊడుతుందని దిగులు. అంతలో కిటికీ పక్కన వెలుతురులో కూర్చునే ముసలి దర్జీ పని మానేశాడు. అలాంటి చోటు ముందు చేరినవాళ్లకే ఇవ్వడం ఆ దుకాణంలో ఆనవాయితీ.

"మీరిద్దరూ ఒకేరోజు చేరారు కదమ్మా. గడప ముందు దాటిందెవరు?" అన్నాడు యజమాని.

కాజాలక్కకు గుర్తొచ్చింది. ఆ రోజు బెదురుతో, "పెద్దదానివిగా, నువ్వే పద" అని పిన్నిని లోపలికి తోసింది తానే.

"పిన్నే," అంది నీరసంగా.

పిన్ని దర్జాగా లేచి, కిటికీ పక్క స్టూలును కొంగుతో దులిపింది.

"రావే, కూర్చో."

"చోటు నీదైతే నేనెందుకు?"

"నాది కాబట్టే చెబుతున్నా. పెద్దదాన్ని. వింటావా, వినవా?"

బుద్ధెరిగాక మొదటిసారి కాజాలక్క ఎదురు చెప్పకుండా విన్నది. ఆ వెలుతురులో నల్లదారం పోగుపోగునా కనబడింది.

కాజా సగం కూడా కాలేదు, మూలనుంచి పిన్ని కేక.

"ఏమేవ్! వెలుతుర్లో ఉన్నావుగా, నా సూదికి దారం ఎక్కించు. ఆ కాజా తర్వాత, ముందు నాది!"