దవడలో బిగించిన మర

రైల్వేలో పట్టాలు మార్చే పాయింట్స్‌మన్‌గా చేసి నేను రిటైరయ్యాక, మా ఆవిడా నేనూ నాందేడ్ దగ్గర ముద్‌ఖేడ్‌లోనే ఉండిపోయాం. అప్పటికే నా కుడి దవడలో వెనక పళ్లు మూడు పోయాయి. ఆరేడేళ్లు ఎడమవైపే నమిలాను. ఆ పళ్లూ జివ్వుమనడం మొదలయ్యాక మా ఆవిడ ఊరుకోలేదు, నాందేడ్‌లో పళ్ల డాక్టరు దగ్గరికి తీసుకుపోయింది.

డాక్టరు ఒక మరాఠీ అమ్మాయి. నా తల చుట్టూ తిరిగే యంత్రంతో ఫోటో తీసి, నెమ్మదిగా చెప్పింది. తీసి పెట్టుకునే పళ్ల సెట్టు ఒక దారి. పక్క పళ్ల ఆసరాతో బ్రిడ్జి కట్టాలంటే ఖాళీకి రెండు వైపులా పన్ను ఉండాలి, నాకు వెనక ఏమీ మిగలలేదు. ఇక ఇంప్లాంట్. ఎముకలో మర బిగిస్తారు, ఎముక దాన్ని పట్టుకునేదాకా నెలల తరబడి ఆగుతారు, ఆ తర్వాతే పైన పన్ను తొడుగుతారు. రెండు మరలు సరిపోతాయంది. ముందు షుగరు తగ్గించుకు రమ్మంది.

షుగరు దారిలోకి రావడానికే మూడు నెలలు పట్టింది. మర బిగించేటప్పుడు నొప్పి తెలియలేదు గానీ, ఆ గిర్రుమనే చప్పుడు పుర్రెలో చాలా రోజులు మోగింది. తర్వాత పరీక్షలకు తిరుగుడు. పొద్దున్నే ప్యాసింజరు ఎక్కడం, ఆసుపత్రి బెంచీ మీద మా వంతు కోసం కూర్చోవడం, మధ్యాహ్నం దొరికిన బండికి తిరిగి రావడం. మా ఆవిడ ప్రతిసారీ వెంట వచ్చేది. వద్దన్నా వినేది కాదు.

నాలుగో నెలలో ఒక మర కదులుతోందని తేలింది. ఎముక దాన్ని పట్టుకోలేదట. అప్పటికప్పుడే తీసేశారు. మళ్లీ బిగించాలంటే ఆ గుంట పూడాలి, ఇంకొన్ని నెలలు ఆగాలి. నాకు కోపం కూడా రాలేదు. నోట్లో దూది పెట్టుకుని కుర్చీలో అలాగే కూర్చున్నాను, లేవబుద్ధి కాలేదు.

ఆ డాక్టరమ్మ నన్ను కాసేపు కదిలించకుండా వదిలేసి, గోడవారన నిలబడ్డ మా ఆవిడను మాటవరసకు మీ పళ్లెలా ఉన్నాయని అడిగింది. బాగానే ఉన్నాయంది. ఓసారి చూపించమంది డాక్టరు. మా ఆవిడ నా వైపు చూసి, పక్క కుర్చీలో కూర్చుని నోరు తెరిచింది.

పై దవడలో రెండు వైపులా వెనక పళ్లు ఒక్కటీ లేవు. డాక్టరు లెక్కపెడితే తొమ్మిది పోయాయి.

ముప్పై మూడేళ్లుగా ఒక గదిలో కూర్చుని తింటున్నాం. జొన్నరొట్టెను పప్పులో నానబెట్టి పెడుతుంటే నా కోసమే అనుకున్నాను. తనూ అదే తింటుంటే నాకు తోడుగా తింటోందనుకున్నాను. బయటికి వచ్చాక, ఎప్పుడు పోయాయని అడిగాను.

"ఒక్కొక్కటే పోయినయి. మీరు అడగలె, నేను చెప్పలె."

ఎందుకు చెప్పలేదన్నాను. ఆమె చెప్పులు వేసుకుంటూ, తల ఎత్తకుండానే అంది:

"మీదే ఇంకా అయితలేదు. నాది ఎప్పుడు మొదలువెడ్తం?"

 మరుసటి వారం నా రెండో మర సంగతి పక్కన పెట్టి, ముందు ఈమెది చూడమని డాక్టరును అడిగాను. ఫోటో తీశాక తెలిసింది, పళ్లు పోయి చాలా కాలమైనందున పై ఎముక పలచబడిపోయింది. మర బిగించాలంటే ముందు ఎముక పొడి నింపి, అది గట్టిపడేదాకా ఆగాలట. అంతా విని మా ఆవిడ చెయ్యి అడ్డంగా ఊపింది.

"నాకు గివన్ని వద్దు. పెట్టి తీసేది ఇయ్యమను. ఈ తిరుగుడు నాతోని కాదు."

ఆమెకు సెట్టు వచ్చింది. మొదట్లో చిగుళ్లు ఒరుసుకుపోయాయి, సెట్టు అంచులు అరగదీయించుకోవడానికి నాలుగుసార్లు వెళ్లాం. నా మిగిలిన మర మీద పన్ను తొడిగారు. అది గట్టిగానే నిలిచింది, కుడివైపు కొంచెం నమలగలుగుతున్నాను. రెండోది ఎప్పుడు బిగించుకుంటారని డాక్టరు ఫోన్ చేయిస్తూనే ఉంటుంది. చూద్దామంటూ నెట్టుకొస్తున్నాను.

ఆమె సెట్టు పెట్టుకుని చాలా నెమ్మదిగా తింటుంది. మధ్యలో ఆగి, నాలుకతో సర్దుకుని, మళ్లీ మొదలుపెడుతుంది. నా తిండి ముందే అయిపోయినా ఇప్పుడు నేను లేవడం లేదు, ఎంగిలి చెయ్యి ఎండిపోతున్నా ఎదురుగా కూర్చునే ఉంటున్నాను.