వంగి వచ్చే అల కోసం కడప దాకా

ఆరు గంటల కడప బస్సుకు ఐదున్నరకే కర్నూలు బస్టాండు చేరి, కాలుగాలిన పిల్లిలా తిరిగాను. కడప విశ్వవిద్యాలయంలో ఆ రోజు నా పరిశోధన మీద సమీక్ష. అక్కడి పెద్దలు ఒప్పుకుంటే ఇంకో ఏడాది గడువు, లేకపోతే అంతటితో సరి. కర్నూల్లో ఒక బడివాళ్లు సోమవారం నుంచి పాఠాలు చెప్పడానికి రమ్మన్నారు. వాళ్లకింకా ఏమీ చెప్పలేదు. మా ఆయన అడగలేదు, అడిగితే కసురుకునేదాన్నే.

నా పని న్యూట్రాన్ నక్షత్రాల మీద. వాటి అయస్కాంత క్షేత్రం ఎంత బలమైనదంటే, చుట్టూ ఉన్న ప్లాస్మా కణాలు తీగకు గుచ్చిన పూసల్లా బలరేఖల వెంటే కదలగలవు, పక్కకు పోలేవు. ఆ రేఖలకు అడ్డంగా ఊగే రేడియో అల వాటిని కదిలించలేక సూటిగా బయటపడుతుంది. కొంత రేఖల వెంట కూడా ఊగే రెండో రకం అల వాటిని ఊపుతుంది, తానూ దారి వంగుతుంది. నా గొడవంతా ఆ రెండోదానితోనే.

నంద్యాలలో ఇడ్లీ తిన్నాను. చట్నీ ఉత్త నీళ్లు. అక్కడ ఎక్కి పక్కన కూర్చున్న పెద్దావిడ మైదుకూరులో కూతురింటికి పోతోంది. ఊగుతున్న నా మోకాలిని చూసింది.

"యాడికి పోతాండావు పాపా, అంత కంగారుగా?"

"కడపకు, అవ్వా. నక్షత్రం నుంచి వచ్చే అలల గురించి చెప్పాల."

"అవి ఈడికి రావాలంటే ఎన్నాళ్లు పడతాది?"

"వేల ఏండ్లు."

"అవే అంత నిదానంగా వస్తాంటే నీకేం తొందరే!"

వెలుగు వేగంతో వస్తాయని చెప్పబోయి నవ్వేశాను. ఆళ్లగడ్డ దాటాక మోకాలు మళ్లీ మొదలుపెట్టింది.

పన్నెండింటికి సమీక్ష. "వంగి వచ్చిన అల పుట్టినచోటి గుర్తు తెస్తుందా?" అని ఒక ప్రొఫెసరుగారు అడిగారు.

"లేదండీ. ప్లాస్మా పలచబడి, దాన్ని ఇక తిప్పలేక వదిలేసిన చోటి గుర్తు తెస్తుంది."

"మరి పుట్టినచోటు ఎలా పట్టుకుంటావమ్మా?"

ఆరేళ్లుగా నన్ను కుదురుగా ఉండనివ్వని ప్రశ్న అదే. "తెలియదండీ. అందుకే గడువు అడుగుతున్నాను" అన్నాను.

బయట కూర్చోమన్నారు. కాసేపటికి పిలిచి ఏడాది ఇచ్చారు. ఉపకారవేతనం మాత్రం ఉండదన్నారు. ఎగిరి గంతెయ్యాలో ఏడవాలో తెలియలేదు.

మూడింటికి తిరుగు బస్సు. ఈ దారిన వచ్చేవాళ్లు పొద్దున పోయేటప్పుడూ, మధ్యాహ్నం మళ్లేటప్పుడూ కుడివైపే కూర్చోండి, ఎండ తగలదు. పసుపు చేలు, నల్లమల కొండలు చూడముచ్చటగా ఉంటాయంటారు. నాకైతే ఏదీ కంటికి ఆనలేదు. జీతం లేని ఏడాది గురించి ఇంట్లో ఎలా చెప్పాలా అని మాటలు కూడబలుక్కుంటూనే కర్నూలు వచ్చేసింది.

మా ఆయన బండి దగ్గర నిలబడి ఉన్నాడు.

"ఏడాది ఇచ్చినారు. దుడ్లు మాత్రం ఇయ్యరంట" అన్నాను. "బడికి ఏం చెప్పాల?"

"నువ్వు రావని పొద్దున్నే చెప్పేసినా."

"పొద్దున్నేనా? వాళ్లు గడువు ఇయ్యకపోయింటే?"

"ఇయ్యకపోతే మాత్రం నువ్వు ఆపుతావా? ఎక్కు."