రాదిసావ్ కారు మరగడం మానేసిన వేసవి

రాదిసావ్ వీధిలోకి వస్తే జనం చొక్కా గుండీ పట్టుకునేవారు. పొగగొట్టాలు ఊడ్చే మేస్త్రీ ఎదురైనప్పుడు గుండీ పట్టుకుంటే అదృష్టమని ఆ సెర్బియా కొండల్లో అందరికీ నమ్మకం. ఇంతమందికి అదృష్టం పంచిన ఆ మనిషికి మాత్రం యాభై దాటినా పెళ్ళి కాలేదు. ఆస్తంటే నిచ్చెన, నాలుగు రకాల బ్రష్షులు, యుగోస్లావియా రోజుల నాటి చిన్న కారు.

చదును నేల మీద ఆ కారు మహా బుద్ధిమంతురాలు. కొండెక్కమంటే మాత్రం ఒళ్ళు మండిపోయేది. పైన పల్లెల్లో పనికి బయల్దేరిన ప్రతిసారీ, సరిగ్గా ఊట దగ్గరి మలుపులో, బానెట్ సందుల్లోంచి బుస్సుమని ఆవిరి కక్కేది. ఆ మలుపులోనే స్తామెన అనే వితంతువు కాఫీ, సారా అమ్ముతూ నడిపే కఫానా ఉంది. కారు మూలుగు కింది మలుపులో వినపడగానే ఆవిడ కూజాతో నీళ్ళు పట్టుకుని గుమ్మంలో నిలబడేది.

"వచ్చారా మేస్త్రీ గారూ? ఇవాళ బాగా కోపంగా ఉన్నట్టుందే మీ ఆవిడ!" అనేది కారుని చూసి.

ఉడుకుతున్న రేడియేటర్ మూత వెంటనే తీస్తే మొహం కాలుతుంది. కాబట్టి చల్లారేదాకా ఆగాలి. ఆగినంతసేపూ జెజ్వా అనే పొడుగు కాడ ఇత్తడి గిన్నెలో కాచిన కాఫీ, వేడి రొట్టె మీద మీగడ, స్తామెన కబుర్లు. ఇంజను చల్లారిందని తెలిసినా రాదిసావ్ మూత మీద అరచెయ్యి పెట్టి, "అబ్బే, ఇంకా వేడిగానే ఉందండీ" అనేవాడు. మనసులో మాట మాత్రం ఎన్నేళ్ళయినా నోటిదాకా రాలేదు.

మధ్యలో చెల్లెలి మొగుడు తిహోమీర్ పుణ్యం కట్టుకున్నాడు. అతనికి కార్ల కరెంటు పని వచ్చు. గొట్టం పగిలి రాదిసావ్ దారిలో నిలిచిపోయినప్పుడల్లా తాడు కట్టి లాక్కొచ్చేది అతనే.

"బావా, నా కారు పుట్టిందే నీ కారుని ఈడవడానికా?" అని విసుక్కుని, ఒక ఆదివారం అడక్కుండానే బానెట్ ఎత్తాడు. ఇంజను బెల్టుతో తిరిగే పాత నీళ్ళ పంపుకి సెలవిచ్చి, గొట్టం మధ్యలో పిడికిలంత కరెంటు పంపు బిగించాడు.

"పాతది ఇంజను ఎంత తిరిగితే అంతే తిరిగేది. కొండెక్కేటప్పుడు ఇంజను నీరసపడితే అదీ నీరసపడేది. దీనికి ఆ గొడవే లేదు. బ్యాటరీతో తిరుగుతుంది. నువ్వు తాళం తీసేసినా, ఇంజను చల్లబడేదాకా దాని పని అది చేసుకుంటుంది. ఇంక చచ్చినా మరగదు!"

"చచ్చినా మరగదా?" అన్నాడు రాదిసావ్, ఊడదీసిన పాత పంపు వంక చూస్తూ.

"ఒట్టు!"

మర్నాడు కారు మలుపెక్కింది. వేడి చూపే ముల్లు మధ్యలోంచి కదల్లేదు. గుమ్మంలో స్తామెన కూజాతో నిలబడి ఉంది. ఏ వంకతో ఆగాలో తోచక రాదిసావ్ చెయ్యి ఊపి ముందుకెళ్ళిపోయాడు. అద్దంలో ఆవిడ, కూజా, చిన్నవై చిన్నవై కనపడకుండా పోయాయి. ఆ రోజు పైపల్లెలో తనని ఊడవమన్న పొగగొట్టం వదిలేసి పక్కింటిది ఊడ్చాడు.

తర్వాతిసారి తెగించి మలుపులో ఆపాడు.

"ఆవిరేదండీ?" అంది స్తామెన.

"లోలోపల ఉడుకుతోందండీ. బయటికి తెలీదు."

"మరి ఆ గుయ్యిమనేదేమిటి? తాళం చేతిలోనే ఉందిగా!"

తిహోమీర్ పంపు తన పని తాను చేసుకుంటోంది. "జోరీగ దూరిందనుకుంటా" అన్నాడు రాదిసావ్. స్తామెన బానెట్ మీద చెయ్యి వేసి చూసి లోపలికెళ్ళిపోయింది. ఆ పూట కాఫీ రాలేదు.

ఇక లాభం లేదని, మళ్ళీ కొండెక్కే ముందు రాదిసావ్ పంపు ఫ్యూజు పీకి కోటు జేబులో వేసుకున్నాడు. నీళ్ళు కదలడం ఆగిపోయాయి. పాతరోజుల్లో చాలాసార్లు కాస్త ఆవిరితోనే సరిపెట్టుకున్న కారు, ఈసారి మలుపు చేరీచేరకముందే గొట్టం ఫటేల్మని పగలగొట్టుకుని కఫానా గోడంతా తడిపేసింది. తాగుతున్న వాళ్ళు బల్లల కింద దూరారు. "అయ్యో మేస్త్రీ!" అంటూ స్తామెన పరిగెత్తుకొచ్చింది.

ఫోను చేస్తే తిహోమీర్ తాడుతో సహా దిగాడు. బానెట్ కింద తల పెట్టి, చాలాసేపటికి బయటికి తీశాడు.

"బావా, ఫ్యూజేది?"

"నాకేం తెలుసు? ఎక్కడో పడిపోయుంటుంది" అంటూ రాదిసావ్ చెమట తుడుచుకోవడానికి జేబులోంచి రుమాలు లాగాడు. దాంతోపాటు ఫ్యూజూ వచ్చి, టంగుమని స్తామెన కాళ్ళ దగ్గర పడింది.

ఆవిడ దాన్ని తీసి వేళ్ళ మధ్య పట్టుకుంది. "ఇది లేకపోతే కారు మరుగుతుందా?"

"మరక్కేం చేస్తుందమ్మా!" అన్నాడు తిహోమీర్.

రాదిసావ్ మొహం మసిలోంచి కూడా ఎర్రగా కనపడింది. "మరిగితేనేగా ఆగేది" అని గొణిగాడు.

"ఆవిరొస్తేనే కాఫీ ఇస్తానని నీకెవరు చెప్పారయ్యా?" స్తామెన గొంతు లేచింది. "ఇన్నేళ్ళు నా కాఫీ తాగావు. తలెత్తి నా పొగగొట్టం వంక ఒక్కసారైనా చూశావా? వంటింట్లో పొగకి కళ్ళు పోతున్నాయి. ఇవాళ అడుగుతాడు, రేపు అడుగుతాడని ఇంకో మేస్త్రీని పిలవకుండా కూర్చున్నాను!"

రాదిసావ్ తల పైకెత్తాడు. గొట్టం నోట్లో కాకులు గూడు కట్టుకుని ఉన్నాయి. ఆయన కారు మీంచి నిచ్చెన దింపాడు. సాయంత్రానికి పొగ తిన్నగా ఆకాశంలోకి పోయింది. ఆయన అక్కడే పొయ్యి ముందు కూర్చుని, తిహోమీర్ కొత్త గొట్టం బిగించి ఎంత హారన్ కొట్టినా లేవలేదు.

వేసవి వెళ్ళాక, ప్లమ్ పళ్ళ సారా కాచే రోజుల్లో వాళ్ళిద్దరికీ పెళ్ళయింది. ఆ సంబంధం కుదిర్చింది తానేనని తిహోమీర్ ఇప్పటికీ చెప్పుకుంటాడు. కాదనే ధైర్యం రాదిసావ్‌కి లేదు, కారు ఇంకా అతని చేతుల్లోనే బాగవుతోంది.