ఎర్ర చార బియ్యం

బడంగ్‌పేట్‌లో మేముంటున్న ఫ్లాట్‌లో నిన్న కొత్త బియ్యం బస్తా విప్పగానే, ఆ తవుడు వాసనకు నా చెయ్యి దానంతటదే లోపలికి పోయి, గింజల్ని వేళ్ల సందుల్లోంచి జార్చుకుంటూ దేనికోసమో వెతికింది. దేనికోసమో గుర్తొచ్చి నాకే నవ్వొచ్చింది.

శంషాబాద్ పక్కన మా ఊళ్లో, విమానం దిగేటప్పుడు ప్రార్థన కాసేపు ఆపి, అది పోయాక అదే మాట నుంచి మళ్లీ అందుకునే చిన్న రేకుల చర్చి మాది. మా ఇళ్లలో పూటపూటా ఎసట్లో బియ్యం పోసే ముందు ఒక పిడికెడు తీసి దేవుని డబ్బాలో వేసేవారు. ఆదివారం ఆ డబ్బాలన్నీ చర్చిలోని గోనెసంచిలోకి ఒంపేవారు. క్రిస్మస్‌నాడు ఆ బియ్యమే వండి, వంకాయ కూరతో, పప్పుచారుతో అందరికీ ప్రేమవిందు పెట్టేవారు. సన్నవి మెత్తబడి, దొడ్డువి పలుకుగా మిగిలి, అదొక విచిత్రమైన అన్నం. ఇంట్లో కాస్త పలుకైనా కంచం పక్కకు నెట్టే మా బాపు అక్కడ మాత్రం మారు వడ్డించుకుని తినేవాడు. ఎందుకో నాకు అంతుచిక్కేది కాదు.

సంచిలో చెయ్యి పెట్టి ఏ గింజ ఎవరింటిదో కనిపెట్టడం నా ఆట. అన్నిటికన్నా తేలిక పక్కింట్లో ఉండే మా చిన్నాయన, చిన్నమ్మలవి. సొంత మడిలో పండిన దొడ్డుబియ్యం, గింజ మీద సన్నగా ఎర్ర చార ఉండేది.

ఒక వానాకాలం ఉమ్మడి బోరు మోటారు వంతు దగ్గర అమ్మకూ చిన్నమ్మకూ మాటా మాటా పెరిగింది. చిన్నమ్మ వాళ్లు చర్చికి రావడం మానేశారు. తుక్కుగూడలో వేరే సంఘంలో చేరతారని ఊళ్లో అనుకున్నారు. వాళ్లమ్మాయి సువార్త లేకుండా పాటలప్పుడు ఎవరి పక్కన నిలబడాలో తెలియక నాకు ఏడుపొచ్చేది. ప్రతి ఆదివారం మోచేతి దాకా చెయ్యి పెట్టి వెతికినా సంచిలో ఎర్ర చార కనబడేది కాదు. అంటే ఇక రారనేనా?

ఉండబట్టలేక ఒకరోజు ఆడుకునే వంకతో వాళ్ల వంటింట్లోకి దూరి దేవుని డబ్బా మూత తీశాను. అంచుల దాకా నిండి ఉంది, పక్కన ఇంకో గిన్నె కూడా నిండింది. వెనక్కి తిరిగితే చిన్నమ్మ. తిడుతుందనుకున్నాను.

"కొట్లాట మీ అమ్మతోని గని, దేవునితోని కాదు గదనే," అంది.

ఆ మాట అమ్మకు మోసుకెళ్లాను. అమ్మ బియ్యంలో రాళ్లేరుతూనే వింది. ఆదివారం పొద్దున మాత్రం ఖాళీ సంచి పట్టుకుని చిన్నమ్మ వాకిట్లో నిలబడింది. చర్చి పాస్టరు అయ్యగారు పంపారా అని చిన్నమ్మ అడిగింది.

"నేనే వచ్చిన. చెరో దిక్కు పట్టుకుంటే బరువుండది," అంది అమ్మ.

డబ్బా, గిన్నె రెండూ అందులోకి ఒంపుకుని ఇద్దరూ చర్చికి బయల్దేరారు. సంచి ఊగకుండా వాళ్లు అడుగు కలపడం చూస్తూ, వెనకాల సువార్తా నేనూ సంబరంగా నడిచాం. ఆ క్రిస్మస్‌కు నేనూ మారు వడ్డించుకున్నాను.

ఇప్పుడు ఆ మడి లేదు, దాని మీద గోదాములు లేచాయి. రేకుల చర్చికి స్లాబు పడింది, చందాలు ఫోన్లోనే వెళ్తాయి. మైలార్‌దేవ్‌పల్లిలో ఉంటున్న సువార్తా, నేనూ, అందరం దుకాణంలో ఒకటే రకం బియ్యం కొంటాం. పోయిన క్రిస్మస్‌కు చర్చిలో పాత అలవాటును మళ్లీ మొదలుపెట్టి, పిడికెళ్లన్నీ ఒకచోట పోశారు. ఎవరూ చూడకుండా చెయ్యి పెట్టాను. అన్నీ తెల్లగా, సన్నగా ఉన్నాయి. అన్నం ఎక్కడా పలుకు లేకుండా ఉడికింది, కానీ ఎవరింటి బియ్యం రాలేదో నాకు తెలియలేదు.